బ్యాంకాక్‌కు మూడున్నర గంటలు

భూపాలపల్లి విద్యుత్ కేంద్రం కంట్రోల్ కోడ్‌లు చోరీ అయిన మర్నాడు ఉదయం, జనగామ గెస్ట్‌హౌస్ వరండాలో ఉన్న ఏజెంట్ వీరేందర్ ఇయర్‌పీస్‌లో చీఫ్ విద్యాసాగర్ గొంతు పలికింది.

"శంషాబాద్ నుంచి బ్యాంకాక్ ఎంత దూరం?"

"దాదాపు రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు సర్. మూడున్నర గంటల ఫ్లైట్."

"ఆ కోడ్‌లున్న చిప్ అక్కడ దిగితే విద్యుత్ కేంద్రం విదేశీ ముఠా చేతిలో ఉన్నట్టే. కొరియర్ మన ఏజెంటే. డబుల్ గేమ్. అసలు పేరు తారి. కురవి దగ్గర తండాలో పుట్టి, పన్నెండేళ్ల కింద మాయమైంది. ముఖానికి సర్జరీలు. ఇప్పటి పేరు ప్రియదర్శిని."

వీరేందర్ లోపలి గది తలుపు వైపు చూశాడు. ప్రియదర్శిని అతని పార్ట్‌నర్. వచ్చే నెల వాళ్ల పెళ్లి. పుట్టి పెరిగింది ఢిల్లీలో అని చెప్పింది. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ పని మీదే బ్యాంకాక్ వెళ్తూ లోపలి గదిలో కాఫీ తాగుతోంది.

"పొరపాటయి ఉంటుంది సర్."

"స్కానర్‌కు చిప్ దొరకలేదు. రుజువు లేకుండా ఆపితే ముఠా పసిగట్టి, బ్యాంకాక్‌లో మనవాళ్లను బతకనివ్వదు. పదింటికి కారు కదలాలి. తారి తల్లి సోమ్లీని పంపుతున్నా. గుర్తుపడుతుందేమో చూడు."

తొమ్మిదీ యాభైకి సోమ్లీ వచ్చింది. ప్రియదర్శిని ముఖాన్ని తేరిపార చూసింది.

"కాదు కొడకా. నా బిడ్డ మొకం గిది కాదు."

వీరేందర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రియదర్శిని నవ్వి, నల్ల కళ్లద్దాలు పెట్టుకొని బ్యాగ్ అందుకుంది.

సోమ్లీ మాత్రం కదల్లేదు. "గింత దూరం వచ్చిన. నిన్నే బిడ్డ అనుకొని ఒక్కపారి ఏడుస్త తల్లీ."

చాన్నాళ్లకు కలిసిన లంబాడీ ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. ఒకరు ఎత్తుకున్న రాగాన్ని రెండోవాళ్లు అందుకోవాలి. నెల్లికుదురు దగ్గరి తండాలో పుట్టిన వీరేందర్‌కు అది కొత్త కాదు. సోమ్లీ తమ భాషలో ఎండిన చేను గురించి ఏడ్చింది, చచ్చిన ఎద్దు గురించి ఏడ్చింది. ఆపైన, నీ బాపు భోజ్యా నీ తొవ్వ చూసి చూసి మొన్న హోళీకి పోయిండని ఏడ్చింది.

తొమ్మిదీ యాభైతొమ్మిది. 'ఊరికే వీపు నిమిరి వదిలెయ్, ప్రియా' అని వీరేందర్ మనసులో వేడుకున్నాడు.

ఆమె భుజాలు వణికాయి.

"యాడీ..."

తండాలో అమ్మను పిలిచే పిలుపు. ఆ వెంటే రాగం అందుకుంది, ఒక్క చోటా తడబడకుండా. ఆఖరిచూపుకు నోచుకోలేదని తండ్రి కోసం ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆమెకు తండా మాటలు ఒక్కొక్కటే నేర్పి, తప్పు పలికితే ముద్దుచేసినవాడు వీరేందరే.

బయట కారు హారన్ మోగింది. ఆమె లిప్‌స్టిక్ అడుగు తిప్పి, చిప్ తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నీ ముందట మూడేండ్లు దాచిన వీరూ. ఆమె ముందట ఒక్క నిమిషం దాచలేకపోయిన. బ్యాంకాక్‌కు ఎన్నిసార్లు పోయొచ్చిన్నో. తండాకే పోలేకపోయిన."

బేడీలు వేస్తున్నప్పుడు వీరేందర్ ఏడ్చాడు, దాచుకోలేదు. అతని వేలికున్న నిశ్చితార్థపు ఉంగరం అడ్డు తగిలి తాళం వెంటనే పడలేదు. ఆమే చెయ్యి తిప్పి సాయం చేసింది.

ఆమెను ఎక్కించుకొని పోలీసు జీపు వెళ్లిపోయాక సోమ్లీ అడిగింది. "జైలు ఏడుంటది కొడకా?"

"హైదరాబాద్‌ల, అవ్వా."

"కురవి నుంచి బస్సుల ఎంతసేపు?"

"ఐదు గంటలు."

"గంతేనా?" ఆమె తలమీది చెంగుతో కళ్లు తుడుచుకుంది. "పన్నెండేండ్ల సంది నా బిడ్డ గింత దగ్గరికి రాలే."