పంచదార గంజి

"మురికి పట్టాయని ఉతికానమ్మా," అంది మార్వా, మూడోసారి.

"మెషిన్‌లో వేశావు. దాన్ని ఉతకడం అనరు," అంది తల్లి ఇనిడ్.

వంటింటి బల్లమీద ఆరు క్రోషే అల్లికలు తడిసిన అప్పడాల్లా పడి ఉన్నాయి. నిన్నటిదాకా అవి ముందు గదిలో, గాజు చేపబొమ్మల కింద అంచులు పైకి లేచి కిరీటాల్లా నిలబడేవి. పంచదార గంజి పెట్టి, సీసాల చుట్టూ ఆరబెడితేనే అలా నిలుస్తాయి. ఆ పంచదారంతా మెషిన్‌లో కరిగిపోయింది.

ఇంగ్లండులోని లీడ్స్ ఊరి గ్యాలరీలో నల్లవాళ్ల ఇళ్ల మీద మార్వా ప్రదర్శన పెడుతోంది. అమ్మ ఇంటి ముందు గదిని ఉన్నదున్నట్టు అక్కడ నిలబెడతానని మాటిచ్చేసింది. రేపే వ్యాన్ వస్తుంది. సోఫా కాళ్లు విప్పడానికి తమ్ముడు లెన్‌రాయ్ కూడా వచ్చి కూర్చున్నాడు. అమ్మ మాత్రం ఇంకా ఊ అనలేదు.

"ఆ సోఫా మీద నేను మూడే మూడుసార్లు కూర్చున్నాను, పాస్టరుగారు వచ్చినప్పుడు," అన్నాడు తండ్రి కట్‌బర్ట్. "ప్లాస్టిక్ కవరుకి అంటుకుపోయి లేవలేకపోయాను."

"మీరు టీ తాగండి," అంది ఇనిడ్. " తెల్లవాళ్లొచ్చి నా గది చూసి నవ్వుకోవాలి. ఇదేగా దీని కళ."

"నవ్వరమ్మా. కూర్చుంటారు. ఎవరైనా కూర్చోవచ్చని రాసి పెడుతున్నా."

"నా సోఫా మీదా? బూట్లతోనా?"

"అవును. నన్నెలాగూ కూర్చోనివ్వలేదు, ఊళ్లోవాళ్లనైనా కూర్చోనీ," అంది మార్వా. "నా పదో పుట్టినరోజున కూడా గుమ్మంలోనే నిలబెట్టావు. ఈ ఇంట్లో మేం పిల్లలమో, అద్దెకున్నవాళ్లమో నాకు తెలిసేది కాదు."

ఇనిడ్ గిన్నెలో నీళ్లు పోసి, పంచదార వేసి స్టవ్ వెలిగించింది.

"అద్దెకుండటం నీకేం తెలుసే," అంది గిన్నెలోకే చూస్తూ. "నెవిస్ దీవి నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగిన కొత్తల్లో ఒక్క గదిలో ఆరుగురం. మెట్ల దగ్గర వంట. ఇంటావిడ తలుపైనా కొట్టకుండా వచ్చేది. నల్లులున్నాయేమోనని నేను పడుకునే పరుపు ఎత్తి చూసేది. అప్పుడనుకున్నా, నా ఇంట్లో ఒక్క గదిలోకైనా నేను రమ్మంటే తప్ప ఎవరూ రాకూడదని."

"మేము కూడానా, అమ్మా?"

ఇనిడ్ గరిటె తీసుకుని గంజి కలిపింది.

గంజి చిక్కబడింది. మార్వా సీసాలు కడిగి తెచ్చింది. ఒక్కో అల్లికనూ ముంచి, పిండి, ఇద్దరూ చెరోవైపు అంచులు పైకి లాగి నిలబెట్టారు. వేళ్లు జిగటగా ఒకరివొకరికి అంటుకున్నాయి.

ఆరో అల్లిక నిలబడ్డాక ఇనిడ్ చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంది.

"ఇవి తీసుకెళ్లు. చేపలు కూడా. ప్లాస్టిక్ కవరు ఊడదీసుకుపోయి అక్కడ ఇంకో సోఫాకి తొడుగు, దానిమీద ఎంతమందైనా కూర్చోనీ. సోఫా మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మన భోజనం ముందు గదిలో."

ముగ్గురూ ఆమెనే చూశారు.

"గ్రేవీ పడితే?" అన్నాడు లెన్‌రాయ్.

"పడితే పడనీ," అంది ఇనిడ్. "కవరు నెమ్మదిగా తీయండి. ఆ మఖమల్ ఎంత మెత్తగా ఉంటుందో, కొన్న రోజు తర్వాత నేనూ ముట్టుకోలేదు."