గరాజ్‌లో గొప్పలు

భీమశంకరం గారు గొప్పలు మొదలుపెడితే వీధిలో కుక్కలు కూడా మొరగడం ఆపి వినేవండీ! అంతటి మనిషికి డబ్లిన్‌లో అన్నకూతురు రేణు కొత్తగా కొన్న ఇంట్లో ఏమైందో చెబుతా. గుండె చిక్కబట్టుకోండి.

గరాజ్ వెనక కిటికీ లేని స్టోర్ రూమ్. పొద్దువాలితే చాలు, లోపల్నుంచి ఎవరో తలుపు గోకుతున్న చప్పుడు. ఇల్లు అమ్మిన కాంటనీస్ చైనావాళ్లే తమ తావో మతం పూజారి లామ్‌ని పంపించారు.

"లోపల మనల్ని మనం పెద్ద చేసుకోకూడదు," అన్నాడాయన ఇంగ్లిష్‌లో. "మా పాతకాలపు పూజారులు 'నేను' అనరు. 'పన్‌తౌ' అంటారు, ఈ పేద సాధువు అని. అక్కడున్నదానికి గొప్పవాళ్లంటే ఆకలి."

"ఎవరికమ్మా చెప్తున్నాడు? శ్మశానంలో చాప పరుచుకుని గురక పెట్టినవాణ్ణి!"

"బాబాయ్, ప్లీజ్. ఆయన చెప్పినట్టు చెయ్యి."

"నువ్వెళ్లి కాఫీ పెట్టవే!"

లామ్, భీమశంకరం గారు ఇద్దరూ స్టోర్ రూమ్ లోపలికెళ్లారు. తడిసిన అట్టపెట్టెల వాసన, చల్లారిన అగరొత్తుల వాసన. వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. లామ్ నుదురు నేలకానించి "పన్‌తౌ..." అని గొణిగాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. ఆయన జారుకున్నాడు. భీమశంకరం గారు అడుగు వేసేలోపే మళ్లీ మూసుకుంది.

చీకటి.

మెడ వెనక ఏదో వాసన చూసింది.

"ఎవరు?"

తెలుగులోనే!

"నేను... భీమశంకరాన్ని! పులిని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చినవాణ్ణి!"

కుడి భుజానికి గోడ తగిలింది. ఇందాక అక్కడ గోడ లేదు.

"మంత్రులే నా ముందు లేచి నిలబడేవాళ్లు!"

ఎడమ భుజానికీ తగిలింది. ఇప్పుడు వీపుకి... ఛాతీకి... ఊపిరి సగమే ఆడుతోంది.

బయట లామ్ గుసగుస. "చిన్నవాడివైపో... త్వరగా..."

పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట అన్న నోరు కాదది. నాలుక మొరాయించింది. పక్కటెముక పటుక్కుమంది.

"ఈ... ఈ పేదవాడు... ఏమీ చేతకానివాడు... ఎవడూ కాడు..."

తలుపు తెరుచుకుంది. ఆయన గరాజ్ నేల మీద బోర్లా పడ్డారు. తలుపు మూసుకుంది. లామ్ ఆయన వైపు చూసి, ఎవరూ కనబడనట్టు తల తిప్పేసుకున్నాడు.

రేణు కాఫీ కప్పుతో వచ్చింది. అప్పుడే స్టోర్ రూమ్‌లోంచి ఖంగుమని అచ్చం ఆయన గొంతే...

"రేణూ! దాని పీక పిసికేశానే! తలుపు తియ్యి!"

రేణు ఫక్కున నవ్వింది. "ఆగు బాబాయ్, వస్తున్నా."

నేల మీద భీమశంకరం గారు నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

రేణు, కింద ఎవరూ లేనట్టే, ఆయన మీంచి దాటుకుంటూ వెళ్లి, తలుపు పిడి మీద చెయ్యి వేసింది.