ఎడమ చక్రం కింది నిమ్మకాయ

హలో, అందరికీ వినిపిస్తోందా? అన్నాలు తిన్నారా? తింటూ విన్నా పర్లేదు. మా ఖమ్మం వైపు కథ ఒకటి చెబుతా.

2006 ఎండాకాలం. ప్రైవేట్ డిటెక్టివ్ రాజ్యశ్రీ ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు సోమ్లి.

"అమ్మా, మా ఆయన చుక్క ముట్టడు. తాగి కారు గుద్దిండని పోలీసులకు చెప్తరంట. లైసెన్సు పోతే జీపు గూడ నడపనియ్యరు. మేమెట్ల బతకాలె?"

ఆమె భర్త సోమ్లా భద్రాచలం అడవి దారుల్లో జీపు తోలేవాడు. వెంకటప్పయ్య నడిపే ర్యాలీ కార్ల టీంలో అతన్ని మించిన డ్రైవర్ లేడు. కానీ టీంకు స్పాన్సర్ అయిన పైపుల కంపెనీ యజమాని, తన కొడుకు అనిల్‌కుమార్‌కే సీటు ఇవ్వాలన్నాడు. చివరికి ఇద్దరికీ పరుగు పరీక్ష పెట్టారు. నిన్న ఆ పరీక్షలో మొదటి మలుపులోనే సోమ్లా కారు మట్టికట్టను గుద్దింది. దెబ్బలు తగల్లేదు. సీటు మాత్రం అనిల్‌కు పోయింది.

"ఇంకేముంది మేడమ్, ఆ అనిల్ పనే!" అన్నాడు అసిస్టెంట్ రమణ.

"చూడకముందే తీర్పు చెప్పేస్తవా? నడువ్."

పాల్వంచ దాటాక అడవి అంచున టీం షెడ్డు. గుద్దిన కారుకు ముందు ఎడమ చక్రం లేదు. రాజ్యశ్రీ వంగి బోల్టులు తడిమింది. ఒక్కటీ వంగలేదు, మరలు చెక్కుచెదరలేదు.

బయలుదేరే గీత దగ్గర సోమ్లా కారు నిలిచిన చోట నలిగిన నిమ్మకాయలు మూడే ఉన్నాయి, ముందు ఎడమ చక్రం చోటు ఖాళీ. నాలుగోది షెడ్డు గూట్లో, దేవుడి పటం ముందు, కుంకుమ చెదరకుండా కనిపించింది.

మెకానిక్ రాందాస్ మంచినీళ్లు ఇచ్చాడు. గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

"చేతులు కడగవా?" అంది రాజ్యశ్రీ.

"కడుగుత మేడమ్. గ్రీజు పోతే గద!"

అనిల్‌ను నిమ్మకాయల గురించి అడిగితే నవ్వాడు. "వాటితోని కార్లు ఉరుకుతయా? నా కారు కిందివి కాలితో తన్నేసిన. గవిగో, కంచె కాడున్నయ్."

"పూజ నేనే చేశానమ్మా. తర్వాత వీళ్లంతా టిఫిన్‌కి వెళ్లారు," అన్నాడు వెంకటప్పయ్య.

"మీరు?"

"నిన్న శనివారం కదా, ఒక్కపొద్దు. ఇక్కడే కూర్చున్నాను."

రాజ్యశ్రీ సోమ్లాను, సోమ్లిని కూడా పిలిపించి అందరినీ కారు చుట్టూ నిలబెట్టింది.

"గుద్దుకుని ఊడిన చక్రమైతే బోల్టులు వంగాలి. నట్లు ముందే వదులు చేశారు. అదే చక్రం కింది నిమ్మకాయ గూట్లోకి చేరింది. అనిల్ అయితే తన్నేసేవాడు. రాందాస్ ముట్టుకుంటే గ్రీజు మరక ఉండేది. దాన్ని భక్తితో తీసినవారు ఒక్కరే. క్షేమంగా పోయి రావాలని పెట్టిన నిమ్మకాయను చెడగొట్టిన చక్రం కింద ఉంచడానికి మీకు చేతులు రాలేదు. అవునా వెంకటప్పయ్యగారూ?"

వెంకటప్పయ్య చేతులు జోడించాడు. "సోమ్లా గెలిస్తే స్పాన్సర్ వెళ్లిపోతాడమ్మా, టీం మూతపడుతుంది. గెలిచినోడికి సీటు లేదని ఏ మొహంతో చెప్పను? కారు కాస్త ఊగి ఆగుతుందనుకున్నా. తాగాడన్నదీ నేనే."

"మనిషి పోయేటోడు గదయ్యా!" సోమ్లి అరిచింది.

అనిల్ తల దించుకున్నాడు. "సోమ్లన్నా, సీటు నీదే. దారి చెప్పనీకె పక్కన ఒకరు కూసోవాలె గద, నేను కూసుంట. మా నాయినకు కారు మీద కంపెనీ పేరు కావాలె, గంతే. నేను ఒప్పిస్త."

ఆ సాయంత్రమే వెంకటప్పయ్య స్టేషన్‌కు వెళ్లి ఉన్నదంతా చెప్పాడు.

పోటీ రోజు సోమ్లి ఒక సీసాడు అడవి తేనె తెచ్చి రాజ్యశ్రీ చేతిలో పెట్టింది. "ఇంతకన్న నా కాడ ఏం లేదమ్మా," అని కళ్లు తుడుచుకుంది.

మూడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాలుగోది సోమ్లా చేతిలో ఉంది. బెయిలు మీద వచ్చి దూరంగా నిలబడ్డ వెంకటప్పయ్య దగ్గరికి నడిచాడు.

"పెద్దయ్యా, జీపు తోలేటోన్ని కారెక్కించింది మీరే. ఇది గూడ మీరే పెట్టాలె."

ముసలాయన దాన్ని కళ్లకద్దుకుని ముందు ఎడమ చక్రం కింద పెట్టాడు. కారు కదిలింది. నాలుగూ నలిగాయి.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీకు తెలిసిన డ్రైవరన్న ఎవరైనా ఉంటే ఈ కథ ఆయనకు పంపండి. క్షేమంగా ఇల్లు చేర్చినందుకు ఓ దండం కూడా పెట్టండి.