ఓడలో కొత్త చెక్క

పాత ఓడల మ్యూజియంలో వడ్రంగి వేషంలో పనిచేస్తున్న సీక్రెట్ ఏజెంటు శవం తెల్లవారేసరికి రేవు నీళ్లలో తేలింది.

"చనిపోయేముందు ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్. "'పెద్ద ఓడలో నేను వేయని చెక్క ఒకటుంది.' అంతే, లైన్ కట్."

ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ డేగ. పోయినవాడు అతని అక్క మొగుడు.

"ఇవాళ ఆ ఓడ పైడెక్ మీదే ఇద్దరు మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెడతారు. దాన్ని చెడగొట్టడానికి విదేశీ ముఠా దిగింది. వాయిదాకి మంత్రులు ఒప్పుకోలేదు. మన ఏజెంటమ్మాయి గైడుగా లోపలే ఉంది. నువ్వు చెయ్యగలవా?"

"చేస్తాను సార్. ఏడుపు తర్వాత."

నెరిసిన గడ్డం, మెడలో కెమెరాతో డేగ మ్యూజియంలో అడుగుపెట్టాడు. తారు వాసన. చీకిపోయిన తెరచాపలు. వెనక రేవులో, నీళ్ల మీద నల్లగా, కిర్రుమంటూ పెద్ద ఓడ.

నీలం చీరలో గైడు నవ్వింది. చూపు తిప్పుకోలేనంత అందం.

"ఈ ఓడకి ప్రాణం ఉందంటారు, నిజమేనా?" కోడ్ అడిగాడు.

"రాత్రిళ్లు ఊపిరి తీస్తుంది." జవాబు సరిపోయింది. "బాంబు కింద ఫిరంగుల డెక్‌లో ఉంది. త్వరగా రండి."

అతను నిచ్చెన దిగగానే నెత్తిమీద తలుపు ధడేల్మంది. గడియ పడింది.

"ఏమనుకోకు డేగా," పైనుంచి ఆమె గొంతు. "మీ బావ కూడా నన్నే నమ్మాడు."

చీకటి. పైన బ్యాండు మేళం, మంత్రుల బూట్ల చప్పుడు. డేగ కెమెరా ఫ్లాష్ కొట్టాడు. నల్లబడ్డ చెక్కల మధ్య ఒక్కదాని మేకులు మెరిశాయి. బూటు మడమలోని కత్తితో దాన్ని పెకలించాడు. వెనక ఎర్రటి అంకెలు, తరిగిపోతూ. వైర్లు కోసే వ్యవధి లేదు.

ఓడ పక్కగోడలో ఉన్న ఫిరంగి కన్నం మూతను తన్నాడు. కదల్లేదు.

"బావా!" అని అరిచి మళ్లీ తన్నాడు. మూత ఊడింది. బాంబును విసిరేశాడు.

సముద్రం లేచి ఓడ మీద పడింది.

ఒడ్డుకు దిగబోతున్న గైడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కన్నంలోంచి దూరి, తాడు పట్టుకుని పైకెక్కిన డేగ పెన్ పిస్టల్‌ను ఆమె నడుముకి ఆనించాడు.

"మా అక్కకి ఏం చెప్పమంటావు?"

ఆమె మెల్లగా చేతులు పైకెత్తింది.

పైడెక్ మీద నిలువునా తడిసిన మంత్రులు మాత్రం చప్పట్లు కొడుతున్నారు. ఫిరంగి వందనం బ్రహ్మాండంగా ఉందట. ఫొటోలకి సరిగ్గా అందలేదు కాబట్టి ఇంకోసారి పేల్చమంటున్నారు.