బాధ్యులు అనే గడి

ఆ పొద్దున మబ్బు కమ్మింది కానీ చినుకు రాలలేదు. గాలి కూడా లేదు. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్ల రిపేరు దుకాణం. కూతురు ఒక మిషన్‌ను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, అడుగున నూనె చుక్కలు వేస్తోంది. చక్రం చేత్తో తిప్పి, చెవి దగ్గరపెట్టి వింది. ఇంకో చుక్క వేసింది.

అలా వినడం తండ్రి నేర్పిందే. ఆయన మోకాళ్ళు మొండికేశాక, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇళ్ళ చుట్టూ తిరిగేది ఆమే. "సూదమ్మను పంపండి" అంటూ ఫోన్లు వచ్చేవి. ఆ మాట వింటే తండ్రికి ఒళ్ళు మంట. "మా పిల్లకి పేరే లేనట్టు!" అని ఫోను ఠక్కున పెట్టేసేవాడు.

అన్న ఆఫీసు ఉద్యోగి. కిందటి వారం దుకాణానికి కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చాడు. "అంతా క్లౌడ్‌లో ఉంటుంది నాన్నా. ఎవరి మిషనుకు సర్వీసు గడువొచ్చిందో అదే చూసుకుని మెసేజీ పంపుతుంది. చెల్లి షీటు అందులోకి ఇంపోర్ట్ చేస్తే చాలు."

ఆ షీటు చెల్లెలు లాప్‌టాప్‌లో తన పనికోసం చేసుకున్నదే. కస్టమరు పేరు, ఫోను, మిషను రకం, పోయినసారి మార్చిన భాగం. కొత్త సాఫ్ట్‌వేరుకు ఒక కాలమ్ అదనంగా కావాలట. 'బాధ్యులు'. అందులో ఎవరి పేరుంటే మెసేజీ వాళ్ళ పేరుమీద, వాళ్ళ నంబరుతో వెళ్తుంది. ఆ గడులు ఖాళీగా ఉంటే ఇంపోర్ట్ కదలదు. ఈ రోజు కూర్చుని నింపుదామనుకుందామె.

ఇంతలో అన్న లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. తువ్వాలు భుజాన, ఫోను చేతిలో. అవతల ఎవరో కేకలేస్తున్నారు.

"మా ఇంట్లో కుట్టుమిషనే లేదయ్యా! దానికి బెల్టు మారుస్తానంటావేంటి?"

"పొరపాటండీ, ఏమనుకోకండి," అని పెట్టేసి నుదురు కొట్టుకున్నాడు. "పొద్దున్నుంచీ ఇదే గోల! ఒకాయనైతే, ముందు మిషను ఇవ్వండి, తర్వాత బాగుచేద్దురుగాని అన్నాడు."

ఆమె గుడ్డతో వేళ్ళు తుడుచుకుని లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళింది. ఇంపోర్ట్ అప్పటికే అయిపోయి ఉంది. 'బాధ్యులు' కాలమ్ పైనుంచి కిందిదాకా అన్న పేరే. పక్కనున్న ఫోన్ నంబర్లు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ మెట్లలా దిగుతున్నాయి.

"ఎవరు చేశారిది?"

తండ్రి టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నేనే. లేవగానే కూర్చున్నా. మొదటి గడిలో రాసి, మీ అన్న చూపించినట్టు దాని మూల పట్టుకుని కిందికి లాగా. చకచకా నిండిపోయింది."

"ఫోన్ల కాలమ్ కూడా కలిపి లాగావు నాన్నా. అందరి నంబర్లూ మారిపోయాయి. సరే, అది పొరపాటు. అన్నయ్య పేరు కూడా పొరపాటేనా?"

ఆయన టీ గుక్క మింగాడు. "కాదు. కావాలనే రాశా."

వంటింట్లోంచి తల్లి తొంగిచూసింది. "పొద్దున్నే మొదలెట్టారూ?"

"నన్నెందుకు ఇరికించావసలు?" అన్నాడు అన్న. "నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు."

"నీ చొక్కా గుండీలు ఇంకా నేనే కుడుతున్నా," అంది తల్లి.

కూతురు నవ్వలేదు. ఇంపోర్టును వెనక్కి తీసే మీట నొక్కింది. తెర మొత్తం ఖాళీ అయింది.

"ఏం చేశావే?" అన్నాడు తండ్రి.

"తీసేశా. పాత షీటు కాపీ నా ఫోన్లో ఉంది. మళ్ళీ ఎక్కిస్తా. అన్నయ్య పేరుతో మాత్రం ఎక్కించను."

"నా దుకాణంలో నాకే ఎదురు చెప్తావా?"

"చెప్తా. విరిగిన భాగాన్ని విరిగిందనే చెప్పాలి, కస్టమరు దగ్గర అబద్ధమాడకూడదన్నది నువ్వే. తిరిగేది నేను, బాగుచేసేది నేను. మరి ఆ గడిలో అబద్ధం రాయొచ్చా?"

తండ్రి స్టూలుమీద చతికిలబడ్డాడు. గొంతు తగ్గించి, "నీ చేతులు చూసుకున్నావా?" అన్నాడు.

గోళ్ళ అంచున నలుపు. బొటనవేలిమీద సూది దిగిన మచ్చ.

"నీ పేరు రాస్తే ఇంక ఇందులోంచి బయటపడవు. వాడైతే ఎవర్నో ఒకర్ని పనికి పెట్టి నడిపిస్తాడు. నువ్వు వాడిలా చల్లగా కుర్చీలో కూర్చుంటావని..." ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఇది ఆమె ఊహించలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. "నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకోవుగా."

"ఒప్పుకోను! ఈ పని నువ్వు నాకు అంటగట్టలేదు నాన్నా, నేనే నీ చేతిలోంచి లాక్కున్నా. మూగబోయిన మిషను మళ్ళీ టకటకమంటే నాకు ప్రాణం లేచొస్తుంది. తప్పు చేస్తే తిట్టు. జాలిపడి మాత్రం నన్ను తీసెయ్యకు."

కన్నీళ్ళు జారాయి. చేతులకు ఇంకా నూనె జిడ్డు ఉండడంతో తుడుచుకోలేకపోయింది. తల్లే వచ్చి కొంగుతో తుడిచింది.

అన్న ఫోను మళ్ళీ మోగింది. అతను దాన్ని చెల్లెలి వైపు చాపాడు.

"క్షమించండి, మా మెసేజీ పొరపాటున వచ్చింది. ఇంక రాదు," అందామె. అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఆమె తండ్రి వైపే చూస్తూ జవాబిచ్చింది. "నేనా? ఈ దుకాణం సర్వీసు బాధ్యురాలిని."

తండ్రి తల దించుకున్నాడు. కాదనలేదు.

మధ్యాహ్నానికి చినుకులు మొదలయ్యాయి. ఆమె పాత షీటును లాప్‌టాప్‌లోకి తెచ్చింది. నంబర్లన్నీ ఎవరివి వాళ్ళ దగ్గరికి చేరాయి. కొత్తగా చేర్చిన 'బాధ్యులు' కాలమ్ ఖాళీగా ఉంది. తల్లి భోజనానికి పిలిచింది.

"చెల్లికి క్లౌడ్‌లో ఖాతా తెరవాలి నాన్నా," అన్నాడు అన్న కూర్చుంటూ. "షీటులో ఏ పేరుంటే అదే పెట్టాలి. ఏం పెట్టమంటావ్, అసలు పేరా, కస్టమర్లు పిలిచేదా?"

ఆయన లాప్‌టాప్‌ను తన కంచం పక్కకి జరుపుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని, ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదటి గడిలో కొట్టాడు.

సూదమ్మ.

రెండో గడిలోనూ అదే కొట్టాడు. మూడో గడికి వెళ్ళాడు.

"మూల పట్టుకుని లాగితే..." అనబోయాడు అన్న. తండ్రి కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూశాడు. అన్న నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాడు.

తల్లి అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. బయట వాన సన్నగా పడుతోంది. తండ్రి కుడిచేత్తో ముద్ద తింటూ, ఎడమచేత్తో ఒక్కో గడీ నింపుతున్నాడు. టక్. కాసేపటికి మళ్ళీ టక్. కూతురు తలెత్తకుండా తింటూ, మిషన్‌ను విన్నట్టే ఆ చప్పుడు వింటోంది.