మళ్ళీ నేనే మాస్టారూ

కాఫీ చల్లారిపోతున్నా మాస్టారు ఫోన్లోంచి తల ఎత్తలేదు. పెదవుల చివర చిన్న నవ్వు ఒకటి ఆడుతోంది. మామూలుగా అయితే మొగుడు నవ్వితే ఏ ఇల్లాలైనా సంతోషిస్తుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఈ ఇల్లాలికి మాత్రం గుండెల్లో గుబులు పుట్టింది.

"నిప్పురవ్వ మళ్ళీ అడిగింది చూశావా," అన్నారాయన. "ఏ ఇంటి పిల్లో గానీ, అర్థమయ్యేదాకా వదలదు. ఇలాంటి వాళ్ళు క్లాసుకి ఒక్కరుంటే చాలు."

ఆవిడ కాఫీ వేడి చేసే వంకతో లోపలికి జారుకుంది. జారుకోక ఏం చేస్తుంది! ఆ నిప్పురవ్వ ఆవిడే మరి.

జరిగింది ఇదీ. మాస్టారు ఫిజిక్సు చెప్పే ప్రైవేటు బళ్ళో ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. టీచర్లందరూ పాఠాలు ఆన్‌లైన్లో పెట్టాలి, పిల్లలు వాటి కింద సందేహాలు రాయాలి, వీళ్ళు జవాబు చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. వచ్చే ఏడు ఫిజిక్సుకి ఒక్క టీచరే ఉంటారని, పిల్లలు ఎవరి పాఠం దగ్గర ఎక్కువ అడుగుతున్నారో చూసి ఆ ఒక్కరిని తేలుస్తామని ప్రిన్సిపాల్ మేడమ్ మీటింగులో చెప్పేసింది. రెండో ఫిజిక్సు టీచరు కుర్రాడు. కెమెరా ముందు పక్కింటివాళ్ళతో కబుర్లు చెప్పినట్టు చెప్పేస్తాడు. మన మాస్టారేమో క్లాసులో పులి, ఫోను ఎదురుగా పెడితే పిల్లి. గుటకలు మింగుతూ, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. ఆయన పాఠాల కింద ఒక్క పిల్లాడు ఒక్క ముక్క రాస్తే ఒట్టు.

ఆ దిగులుతో ఆయనకి అన్నం సయించడం మానేసింది. ఫోను పట్టుకుని పాఠాలు తీసే కూతురి మీద అయినదానికీ కానిదానికీ విసుక్కునేవారు. ఈ వయసులో ఇంకో బడి నన్నెవరు తీసుకుంటారు అని గోడతో అంటున్నట్టు అనేవారు. ముందుగదిలో మిషను కుట్టుకునే ఆవిడ అది విని విని తట్టుకోలేకపోయింది. ఒకరోజు నిప్పురవ్వ అనే పేరుతో ఖాతా తెరిచి, కత్తెర మొనతో కోస్తే బరువుగా, మొదట్లో కోస్తే తేలిగ్గా ఎందుకుంటుందని అడిగింది. ఆ పూట మాస్టారు కంచం ఖాళీ చేసి లేచారు.

అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేకపోయింది. ఆయన జవాబు చదివింది, సగమే అర్థమైంది, మళ్ళీ అడిగింది. "మళ్ళీ నేనే మాస్టారూ" అని మొదలుపెట్టడం అలవాటైపోయింది. పదో తరగతితో ఆగిపోయిన చదువు కాళ్ళు కూడగట్టుకుని లేచినట్టుంది. నిప్పురవ్వ సిగ్గులేకుండా అడుగుతుండేసరికి మిగతా పిల్లలకీ ధైర్యం వచ్చింది, వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. సంగతి పసిగట్టిన కూతురు మాత్రం, ఇది బయటపడితే నాన్న బళ్ళో తలెత్తుకోలేడని తల్లిని హెచ్చరిస్తూనే ఉంది.

కాఫీ అందుకుంటూ మాస్టారు ఇంకో మాట చెప్పారు. సాయంత్రం లైవ్ పాఠం ఉందట, ప్రిన్సిపాల్ మేడమ్ కూడా చూస్తుందట. నిప్పురవ్వ ఎవరో కనుక్కుని బడికి తీసుకురమ్మందట, అందరి ముందూ మెచ్చుకుంటుందట.

ఆ రోజంతా కుట్టిన కుట్టు సరిగ్గా పడలేదు. ఇవాళ ఒక్కటి అడిగి, ఊరు మారుతున్నానని రాసేసి, ఖాతా మూసేద్దామని తీర్మానించుకుంది. ఆ ఒక్కటీ పొద్దున్నించీ బుర్ర తొలుస్తోంది. కొత్త గౌను వేసి చూపిద్దామని ఒక పిల్లని అద్దం ముందు నిలబెడితే, అద్దంలో పిల్ల ఎడమ చెయ్యి ఎత్తింది. నిజంగా ఎత్తింది కుడి చెయ్యి. ఆ గౌను ఫొటో, పాఠాలు వచ్చే యాప్‌లోనే ఉన్న తన కుట్టు కొట్టు పేజీలో పెట్టింది, కొట్టు పేరుతో, మిషను పక్కన తను నవ్వుతున్న బొమ్మతో ఉండే పేజీలో. ఇంతలో లోపలి గదిలో పాఠం మొదలైంది. హడావిడిగా ప్రశ్న రాసి పంపేసింది. ఖాతా మార్చడం మర్చిపోయింది.

లోపల మాస్టారు ఎప్పట్లాగే పైకి చదివారు. "మళ్ళీ నేనే మాస్టారూ. అద్దంలో కుడి ఎడమగా మారుతుంది కదా, మరి తల కిందికి, కాళ్ళు పైకి ఎందుకు మారవు?"

తర్వాత గొంతు వినిపించలేదు. ఆవిడ ఫోను చూసుకుంది. తన ప్రశ్న పక్కన తన ముఖమే నవ్వుతోంది. దాని కింద పిల్లల రాతలు బిలబిలా దిగుతున్నాయి. ఇది మా అమ్మ బట్టలు కుట్టించే కొట్టు కదా అని ఒకరు. సార్ వాళ్ళ ఆవిడరా అని ఇంకొకరు. తర్వాత అన్నీ నవ్వు బొమ్మలే. "ఇవాళ్టికి ఇంతే," అన్న మాట వినబడి, పాఠం ఆగిపోయింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

మాస్టారు ముందుగదిలోకి వచ్చారు. అరుస్తారనుకుంది. అరవలేదు, దానికే ఇంకా భయం వేసింది.

"అన్నీ నువ్వేనా?"

"నిప్పురవ్వ అడిగినవన్నీ నేనే."

పెళ్ళాం చేత ప్రశ్నలు రాయించుకున్నాడని రేపు స్టాఫ్‌రూములో చెప్పుకుంటారని, ఉద్యోగం పోతే పోయింది, ఇన్నేళ్ళ పరువు కూడా ఊడ్చిపెట్టుకుపోయిందని ఆయన అన్నారు. "నా మీద జాలిపడ్డావు. అంత చేతకానివాడిలా కనిపించానా నీకు?"

"మొదటిది జాలితోనే అడిగాను," అంది ఆవిడ తల వంచుకుని. "తర్వాతవన్నీ తెలీక అడిగాను."

"తెలీకపోతే నన్ను అడగొచ్చుగా. ఒకే ఇంట్లో ఉన్నాంగా."

ఆవిడ తలెత్తింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చింది.

"అడిగానండీ. పెళ్ళయిన కొత్తలో అడిగాను, పిల్ల పుట్టాక కూడా అడిగాను. నీకెందుకులే ఇవన్నీ అన్నారు. అడగడం మానేశాను. అదే ముక్క నిప్పురవ్వ అడిగితే మంచి ప్రశ్న తల్లీ అన్నారు. ఆ మాట కోసం మళ్ళీ మళ్ళీ అడిగాను. తప్పే. కానీ నా ముఖం చూసి ఒక్కసారి ఆ మాట అనుంటే నాకు ఇంకో పేరు ఎందుకండీ?"

మాస్టారు కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డారు. అప్పుడే ఫోను మోగింది. ప్రిన్సిపాల్ మేడమ్.

"అవును మేడమ్, మా ఆవిడే," అన్నారు మాస్టారు. "నాకు తెలీదు. తెలీకపోవడం కూడా నా తప్పే. ఆ ప్రశ్నలు లెక్కలోంచి తీసేయండి." అవతల ఏదో చెప్పారు. ఆయన విని, "సరేనండి, మీ ఇష్టం," అని పెట్టేశారు. అవి తీసేశాక మిగిలినవాటిని బట్టే చూస్తారట, ఏ మాటా ఇవ్వలేనన్నారట. నా చేతులారా మీ ఉద్యోగం పోగొట్టానండీ అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

గుమ్మంలో ఇంతసేపూ బిక్కచచ్చి నిలబడ్డ కూతురు మెల్లగా వచ్చి ఫోను తండ్రి ముందు పెట్టింది. "నాన్నా, ఒకసారి ఇది చూడు."

నవ్వు బొమ్మల కింద పిల్లలు ఇంకా రాస్తూనే ఉన్నారు. సార్, ఆంటీ అడిగినదానికి జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. సార్, మాకూ అదే డౌటు. నవ్వినవాళ్ళు చెప్పండి చూద్దాం, తల ఎందుకు కిందికి పోదో.

మాస్టారు ఆ రాతల్ని పై నుంచి కింది దాకా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. లేచి, కూతురితో లైవ్ పెట్టమన్నారు. పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని అద్దం ముందుకి తీసుకొచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకునే లోపే ఫోన్లో ఎర్రచుక్క వెలిగింది.

"ఇందాక ప్రశ్న అడిగింది మా ఆవిడ," అన్నారు ఫోను వైపు తిరిగి. ఈసారి గుటకలు మింగలేదు. ఆవిడ కుడి చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. "చూడు. నీ చెయ్యి ఏ వైపుందో అద్దంలోనూ అదే వైపుంది. తలకెదురుగా తల, చేతికెదురుగా చెయ్యి. అద్దం కుడి ఎడమల్ని మార్చదు. మార్చేది ముందు వెనకల్ని. అర్థమైందా?"

ఆవిడ అలవాటుగా తలూపింది. ఇంట్లో ఇన్నేళ్ళూ అలాగే ఊపింది. మాస్టారు ఆ ఊపుడు చూశారు. మొట్టమొదటిసారి సరిగ్గా చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊరికే తలూపకు. నిజం చెప్పు."

ఆవిడ అద్దంలోకి చూసింది, ఫోను వైపు చూసింది, మొగుడి ముఖంలోకి చూసింది.

"అర్థం కాలేదండీ."

"కాకపోతే మళ్ళీ చెప్తాను," అన్నారు మాస్టారు. "కూర్చో."