ఆపరేషన్ రెండో సిస్టమ్

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు, కడప దాటాక వచ్చే రోడ్డు మీద, హెన్రీ బైకును ముగ్గురాయి గనుల టిప్పర్ గుద్దింది. పోలీసు కాగితాల్లో అది ప్రమాదం. హత్య అని తెలిసింది ఒక్కచోటే, పత్తికొండ టమోటా మార్కెట్లో. ఎందుకంటే గుద్దిన టిప్పర్ అరకిలోమీటరు పోయి, తిరిగొచ్చి, అతడు కదలడం లేదని చూసుకుని మరీ వెళ్లింది.

పది గంటలకు వీరభద్ర సోమక్క మండీ ముందు నిలబడ్డాడు.

“కాయ ఎట్లుండాది అక్కా?”

“నిన్నటిదాకా గట్టిగా ఉండె. ఈపొద్దు మెత్తబడింది.”

అది కోడ్. ఏజెంటు చనిపోయాడని అర్థం. కర్నూలు, కడప జిల్లాల్లో ఆ కోడ్ వర్తించే వాళ్లు ఇద్దరే. ఒకడు తాను. రెండోవాడు హెన్రీ. పదకొండేళ్లుగా ఇద్దరూ కంప్యూటర్ మెకానిక్కుల వేషంలోనే తిరిగారు. వీరభద్ర తల ఊపి లోపలికి నడిచాడు. తనకేమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది.

సోమక్క బయటికి మండీ ఏజెంటు. లోపల, టమోటా బాక్సుల వెనకాల గదిలో, నిఘా డిపార్ట్‌మెంట్‌కు ఆ రెండు జిల్లాల చీఫ్. బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగించింది.

ఒక విదేశీ ముఠా ఈ ప్రాంతపు సోలార్ ప్లాంట్లన్నిటినీ ఒకేసారి ట్రిప్ చేసి ఆపేయాలని చూస్తోంది. ముహూర్తం రేపు బుధవారం, మధ్యాహ్నం పన్నెండుంపావు. ఎండ మండిపోయే ఆ వేళలో అంత కరెంటు ఒక్కసారిగా ఆగితే దక్షిణాది గ్రిడ్ మొత్తం కూలుతుంది. ఆసుపత్రుల్లో వెంటిలేటర్ల మీద ఉన్నవాళ్ల సంగతి ఆమె ప్రత్యేకంగా చెప్పలేదు. ఆ కమాండ్ పంపడానికి ఇంటి నుంచి అనుమతి ఉన్న కంప్యూటర్లు రెండే. ఒకటి కర్నూల్లో ఉమామహేశ్ అనే ఇంజినీరుది. ముఠా అతడి కూతురు కాలేజీకి పోయే దారిని ఫోటోలు తీసి అతడికే పంపింది. అతడు భయపడి హెన్రీకి చెప్పుకున్నాడు. రెండో కంప్యూటర్ ఎవరిదో, అదీ ముఠా చేతుల్లోనే ఉందో లేదో తెలియదు. ఉమామహేశ్ అనుమతి రద్దు చేస్తే వాళ్లు ఆ రెండో తలుపు తడతారు.

కాబట్టి ఈ తలుపు తెరిచే ఉంచాలి. అవతల గది మాత్రం నకిలీది కావాలి.

“రెండు సిస్టమ్‌లు పెట్టల్లప్పా,” అంది సోమక్క. “ఒకే మిషన్లో. విండోస్ అట్లే ఉండల్ల. పొద్దున పదికి కంట్రోల్ రూమ్‌కు అది హాజరు చెప్పల్ల. పక్కన లినక్స్. చూస్తే విండోసే అనుకోవల్ల. మీట నొక్కితే లేసేది రెండోది.”

పని అయిందనుకున్న క్షణాన ముఠా మనిషి తన బాస్‌కు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎవరికి పోతుందో పట్టుకోవడానికే ఇదంతా. నమ్మకం కుదరడానికి సరిగ్గా పన్నెండుంపావుకు ఆ వీధి కరెంటు తీయించే ఏర్పాటు కూడా సోమక్కే చేసింది.

“వచ్చేది ఎవరు?”

“మహిమ.”

మహిమను కర్నూల్లో అందరూ ఎరుగుదురు. నగల షాపుల ప్రారంభాలకు, పెద్దింటి పెళ్లిళ్లకు ఆమే యాంకర్. ఏడాదిగా హెన్రీకి ముఠా కబుర్లు మోసింది. ముఠాకు హెన్రీ కబుర్లూ మోసిందని ఈ ఉదయమే తేలింది.

“హెన్రీని రేపు పన్నెండున్నరకు పూడుస్తారంట,” అంది సోమక్క చివర్లో. వీరభద్ర పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లేచాడు.

బుధవారం ఎనిమిదింటికి అతడు ఉమామహేశ్ ఇంటి బెల్లు కొట్టాడు. చెవిలో చెవిటి మిషన్, భుజాన పాత బ్యాగు. ఆ మిషన్లోంచి సోమక్క మాట వినపడుతుంది. కంప్యూటర్ మొరాయిస్తోందని, మెకానిక్‌ను పిలిచానని ఉమామహేశ్ ముందే ముఠాకు చెప్పి ఉంచాడు. భార్యనూ కూతురినీ ఆదోనికి పంపేశాడు.

వీరభద్ర మాట్లాడకుండా పని మొదలుపెట్టాడు. డిస్కులో విండోస్ ఆక్రమించిన చోటును కుదించి అరవై జీబీ ఖాళీ చేశాడు. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. బయోస్‌లోకి వెళ్లి, పరాయి సిస్టమ్‌ను లేవనివ్వని కాపలా, సెక్యూర్ బూట్‌ను ఆపాడు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించాడు. పైన హైదరాబాద్ ఆఫీసు తయారు చేసిన వేషం తొడిగాడు. అదే వాల్‌పేపర్, అవే ఐకాన్లు, అదే కంట్రోల్ రూమ్ తెర. దాంట్లో ఏ కమాండ్ కొట్టినా గోడకు చెప్పుకున్నట్టే.

తొమ్మిది నలభై ఆరుకు హాజరు కోసం విండోస్ తెరిచాడు. తెర నీలంగా మారి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడిగింది. సెక్యూర్ బూట్‌ను కదిలించారని దానికి అనుమానం వచ్చింది.

ఉమామహేశ్ బీరువాలో వెతికాడు. రేషన్ కార్డు కవర్లో ఒక కాగితం దొరికింది. చదువుతూ రెండుసార్లు అంకె తప్పాడు. వీరభద్ర కాగితం తన చేతిలోకి తీసుకుని, కరెంటు బిల్లు నంబరు కొట్టినంత తాపీగా కొట్టాడు. తొమ్మిది యాభై ఎనిమిదికి విండోస్ తెరుచుకుంది. పదికి హాజరు వెళ్లింది.

“నీకు భయం ల్యాదా అప్పా?” అన్నాడు ఉమామహేశ్.

వీరభద్ర నిజంగానే ఆలోచించాడు. లేదు. ఆకలి కూడా లేదు.

మొదట లేచేది రెండో సిస్టమే అని సెట్ చేశాడు. రెండింటిలో ఏది కావాలని అడిగే మెనూను కనపడకుండా దాచాడు. ఆపి, మళ్లీ తెరిచి మూడుసార్లు సరిచూశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పన్నెండుకు తెల్ల కారు ఆగింది. మహిమ నల్ల కళ్లద్దాలతో, నీలం పట్టుచీరలో పెళ్లికి వచ్చినట్టే వచ్చింది. వెనకాల మారెన్న అనే మనిషి. చేతిలో గుడ్డ సంచి, సంచిలో పిస్టల్. అతడు ఉమామహేశ్‌ను సోఫాలో కూర్చోబెట్టి, తాను గుమ్మంలో నిలబడ్డాడు. వీరభద్ర చెవిటి మిషన్ చూపించి, ఏదైనా తేడా వస్తే సరిచేస్తానని బిగ్గరగా చెప్పాడు. ఉండమన్నారు.

ఆమె పన్నెండూ పదికి మీట నొక్కింది. మిషన్ సగం లేచిందో లేదో ఫ్యాను ఆగింది. యూపీఎస్ ఒకసారి కుయ్యిమని చచ్చిపోయింది. తెర నల్లబడింది.

“ఆ లైన్‌మెన్ గడియారం ఐదు నిమిషాలు ముందుండాదంట,” అంది చెవిలో సోమక్క. “వేయిస్తాండా.”

నిమిషంలో కరెంటు వచ్చింది. మహిమ మళ్లీ మీట నొక్కింది. అప్పుడు వీరభద్రకు తెలిసింది, తాను ఒకటి మరిచిపోయాడని. మధ్యలో ఆగిపోయిన మిషన్ మళ్లీ లేచేటప్పుడు దాచిన మెనూను బయటపెడుతుంది. ముప్పై సెకన్లు ఎదురుచూస్తుంది.

నల్లటి తెర మీద రెండు తెల్ల వరుసలు. పైన లినక్స్, కింద విండోస్. అంకె తగ్గుతోంది. ఇరవై ఎనిమిది.

మారెన్నకు అది కంప్యూటర్ లేచే తంతు. మహిమకు కాదు. ఆమె కళ్లద్దాలు తీసి తెరను చూసింది, తల తిప్పి వీరభద్రను చూసింది. ఆమె వేలు కిందికి జరిగే బాణం మీట మీద ఉంది. ఒక్కసారి నొక్కి ఎంటర్ కొడితే నిజమైన విండోస్ లేస్తుంది. ఒక్క మాట అంటే సంచిలోంచి పిస్టల్ లేస్తుంది.

“ఇది ఎప్పుడూ ఇట్లనే వస్తాదా?” అంది.

ఇరవై.

వీరభద్ర అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు. మారెన్నకు ఆ పేరు తెలుసో లేదో కూడా ఆలోచించకుండా నోట్లోకి వచ్చింది చెప్పేశాడు.

“జల్దీ కానీమ్మా, నేను పోవల్ల. మాతోటి మెకానిక్కు, హెన్రీ అని. నిన్న టిప్పర్ గుద్దిపోయింది. పన్నెండున్నరకు పూడుస్తారు.”

మారెన్న తల ఎత్తాడు. మళ్లీ వీధిలోకి చూశాడు. టిప్పర్ నడిపింది అతడేనని, అతడికి బైకు నంబరు మాత్రమే ఇచ్చారని, పేరు చెప్పలేదని తర్వాత విచారణలో తేలింది.

మహిమ ముఖం కదలలేదు. హెన్రీని బెదిరించి వదిలేస్తామనే ముఠా ఆమెకు చెప్పింది; చనిపోయాడని ఇప్పుడే వింటోంది. ఆమె తెర వైపు తిరిగింది. పదకొండు. వేలు మీట మీదే ఉంది. ఏడు. వీరభద్ర ఆ వేలిగోరుకున్న ఎర్ర రంగును చూస్తూ కూర్చున్నాడు. నాలుగు. ఆమె చేతిని మెల్లగా ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

సున్నా.

ఉమామహేశ్ వాల్‌పేపర్ కనపడింది. నకిలీ కంట్రోల్ రూమ్ తెరుచుకుంది. పన్నెండుంపావుకు ఆమె కమాండ్ కొట్టింది. తెర మీద ప్లాంట్లన్నీ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఈసారి సరైన సమయానికి ఫ్యాను ఆగింది.

మారెన్న వరండాలోకి పోయి ఫోన్ తీశాడు. “అయిపాయ సార్,” అన్నాడు. కడపలో ఒక లాడ్జి గదిలో ఆ ఫోన్ ఎత్తిన మనిషి తలుపును మరుక్షణమే సోమక్క మనుషులు తట్టారు. రెండో ఇంజినీరు పేరు అతడి డైరీలోనే దొరికింది. వరండాలో మారెన్న ఫోను పెట్టేలోపు పక్కింటి గోడ దూకిన ఇద్దరు అతడి చేతులు వెనక్కి విరిచారు.

ఎవరూ అడగకముందే మహిమ సంకెళ్ల కోసం చేతులు ముందుకు చాచింది.

“పోతాండావా ఆడికి?”

వీరభద్ర తల ఊపాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.

అతడు శ్మశానానికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పాస్టరు వెళ్లిపోయాడు. కొత్త మట్టి పక్కన హెన్రీ భార్య రత్నమణి ఒక్కతే ఉంది. అతడు వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

“యాడికి పోయినావప్పా? అందరూ అడిగిరి,” అంది ఆమె.

“ఒగరింట్ల కంప్యూటర్ చెయ్యాల్సొచ్చె.”

“అయిందా?”

“అయింది.”

రత్నమణి వంగి, పక్కకు జారిన మట్టిని చేత్తో ఎగదోసింది.

“ఆయప్పా అంతే,” అంది. “ఎప్పుడు యాడికి పోయినావన్నా కంప్యూటర్ చెయ్యను పోయినా అంటాండె. మా ఇంట్లది చెడి రెండేండ్లాయ, ఇంగా లెయ్యనే ల్యా.”